ముద్ర వేసే ముందు: సరిహద్దు ఊళ్లో నోటరీ పని ఎలా చేయాలి

సంతకాలన్నీ అయిపోయిన కాగితం ఒకటి పట్టుకొచ్చి, "బాబూ, ఒక్క ముద్ర కొట్టేయండి, బస్సు టైమైపోతోంది" అంటారు. ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడిలో నోటరీగా కూర్చుంటే మొదటి వారంలోనే ఈ మాట వింటారు. గుణుపురంలో, కాశీనగరంలో, రాయగడలో కూర్చున్నా అంతే. ఆ ముద్ర కొట్టకుండా ఆ మనిషిని ఎలా నిలబెట్టాలో, ఏం అడగాలో, ఎప్పుడు ఇంటికి పంపాలో కొత్తగా సర్టిఫికెట్ అందుకున్న మీకోసం రాస్తున్నాను. పదేళ్లు (మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల వాళ్లయితే ఏడేళ్లు) వకీలుగా చేసినవాళ్లకే నోటరీ ఇస్తారు కాబట్టి చట్టం మీకు తెలుసు. తెలియాల్సింది బల్ల దగ్గరి పని.

ముందు మీ హద్దు చూసుకోండి. 1952 నోటరీల చట్టం కింద ఒడిశా ప్రభుత్వం నియమిస్తే ఏ ప్రాంతానికి నియమించిందో సర్టిఫికెట్లోనే ఉంటుంది. ఆంధ్రాలోని పాతపట్నం మనకి పక్కనే. చుట్టాలందరూ అక్కడే ఉంటారు, పెళ్లికో పేరంటానికో వారానికోసారి వెళ్తూనే ఉంటాం. అలా వెళ్లినప్పుడు సీలు జేబులో వేసుకెళ్లి అక్కడ ఎవరి వరండాలోనో కూర్చుని ముద్రలు కొట్టకూడదు. పాతపట్నం మనిషి మీ ఆఫీసుకి వచ్చి ప్రమాణం చేస్తే తప్పులేదు. హద్దు మీకు గానీ ఆయనకి కాదు. మీ ప్రాంతంలోనే ఆఫీసు ఉండాలి, బయట పేరూ హోదా రాసిన బోర్డు ఉండాలి, ఫీజుల పట్టిక అందరికీ కనపడేలా ఉండాలి. ఫీజుల పట్టిక బీరువా వెనకాల తగిలించినవాళ్లని చూశాను. ఎందుకలా తగిలించారో మీకే తెలుస్తుంది. సర్టిఫికెట్ గడువు ఐదేళ్లు. అది దాటాక వేసిన ముద్ర వట్టి సిరామరకే, కాబట్టి పొడిగింపు దరఖాస్తు ముందుగానే పెట్టుకోండి.

సీలు గుండ్రంగా, ఐదు సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. మీ పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, మిమ్మల్ని నియమించిన ప్రభుత్వం పేరు దాని మీద ఉంటాయి. భోజనానికి లేస్తే అది మీతో లేవాలి, లేదా సొరుగులో తాళం కింద ఉండాలి. గుమస్తా ఎంత నమ్మకస్తుడైనా సరే. నమ్మకం లేక చెప్పే మాట కాదిది. మీరు లేనప్పుడు పెద్ద వకీలు ఎవరైనా వచ్చి అడిగితే కాదనలేక ఇబ్బంది పడేది ఆ గుమస్తానే. తాళం మీ దగ్గరుంటే ఆయనకి ఆ గొడవే ఉండదు.

ఇప్పుడు మనిషి సంగతి. నోటరీ ముద్రకి ఉన్న బరువంతా ఒక్క మాటలో ఉంది: ఈ మనిషి, ఈ రోజు, నా ఎదురుగా సంతకం చేశాడు. కాగితంలో రాసింది నిజమని మీరు పూచీ పడట్లేదు. అది నిజమని ఆయన మీ ముందు ప్రమాణం చేశాడని మాత్రమే చెప్తున్నారు. కాబట్టి చేయాల్సింది ఇది. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. గుర్తింపు కార్డు అసలుది తీయమనండి, ఫోన్లో ఫోటో కాదు. కార్డు మీద ఫోటో చూసి, తలెత్తి మొహం చూడండి. పుట్టిన ఊరు, తండ్రి పేరు, ఏ పని మీద వచ్చారు అని మాటల్లో అడగండి, పోలీసు అడిగినట్టు కాదు, పక్కింటి వాళ్లు అడిగినట్టు. వకీలు గుర్తుపట్టి సంతకం పెట్టాడంటే మీ చూపు తగ్గించుకోవచ్చని కాదు. సంతకం ముందే పెట్టేసి ఉంటే, మీ ఎదురుగా మళ్లీ పెట్టించండి. "వీడియో కాల్లో చూపిస్తాను బాబూ, అన్నయ్య సూరత్‌లో ఉన్నాడు" అంటే కుదరదని చెప్పండి. సూరత్‌లోనూ నోటరీలు ఉన్నారు. అక్కడ చేయించి పోస్టులో పంపించమనండి.

దీని మీద నేను చేసిన తప్పు ఒకటుంది. అది చివర్లో చెప్తాను.

సరిహద్దు జిల్లాల్లో మీ పనిలో సగం పేర్ల గొడవే. ఒడియా రికార్డుల్లో వెంకటరావు "భెంకట రాఓ" అవుతాడు. లక్ష్మి "లఖ్మీ" అవుతుంది. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి ఫారాల్లో అది చివరికి పోతుంది, కొన్నింట్లో అసలు పోతుంది. పాత పట్టాలో తాత పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, శ్రీకాకుళం జిల్లాలో చదివిన సర్టిఫికెట్‌లో ఇంకోలా. అందుకే "ఈ రెండు పేర్లూ నావే" అనే అఫిడవిట్ రోజుకొకటి తప్పదు. ఉత్తరాంధ్ర నుంచి మనతో వచ్చిన ఇంకో చిక్కు ఉంది: సింహాచలం అనే పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. కాగితం మీద "సింహాచలం భార్య" అని ఉందో "సింహాచలం కుమార్తె" అని ఉందో చదివే ఒడియా గుమస్తాకి అనుమానం రాదు. మీకు రావాలి.

ఇలాంటి అఫిడవిట్ రాయించేటప్పుడు "నాకు రెండు పేర్లు ఉన్నాయి" అని ఊరికే రాయించకండి. ఏ కాగితంలో ఏ పేరు ఉందో విడివిడిగా రాయించండి: ఫలానా మౌజా (రెవెన్యూ గ్రామం), ఫలానా ఖాతా నంబరు, ఫలానా ప్లాటు రికార్డులో ఇలా ఉంది, ఆధార్‌లో ఇలా ఉంది, రెండూ నేనే అని. ఒడియాలో ఉన్న పేరుని ఒడియాలో ఉన్నట్టే రాయించి, పక్కన తెలుగు ఉచ్చారణ పెట్టించండి. తరవాత రెండు కాగితాల్లోనూ తండ్రి పేరూ వయసూ పోల్చి చూడండి. అక్షరం తేడా ఉంటే అది గుమస్తా తప్పు. వయసులో పాతికేళ్ల తేడా ఉంటే అది అక్షరదోషం కాదు, ఇంకెవరిదో భూమి. ఒకసారి నా దగ్గరికి ఒకాయన వచ్చాడు. పట్టాలో పేరు తనదేనన్నాడు, పేరు నిజంగానే కలిసింది. పట్టా సంవత్సరం చూస్తే అప్పటికి ఆయన పుట్టనే లేదు. నిదానంగా అడిగితే, పెద్దనాన్న పేరే తనకి పెట్టారని, పెద్దనాన్నకి ఇద్దరు కూతుళ్లున్నారని, వాళ్లు విజయనగరంలో ఉంటున్నారని బయటపడింది. ఆయన అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోలేదు. "ఒకే పేరు కదా" అన్నాడు. అఫిడవిట్ చేయలేదు, వారసత్వం సర్టిఫికెట్ కోసం తహసీల్‌కి వెళ్లమని పంపాను.

కొటియా వైపు మనుషులు వస్తే ఇంకో రకం. సరిహద్దులోని ఆ ఊళ్ల మీద ఒడిశా, ఆంధ్రాల మధ్య వివాదం ఎన్నాళ్ల నుంచో నడుస్తోంది, 1968లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. ఏ రాష్ట్రమో తేల్చడం మీ పని కాదు. ఆయన చూపించిన కార్డులో చిరునామా ఎలా ఉందో అలా రాయండి, ఏ కార్డో దాని పక్కన రాయండి, రెండో కార్డు ఉన్నట్టు ఆయన చెప్తే అదీ రాయండి. మీ సొంత అభిప్రాయం కలపకండి.

తరవాత భాష. కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో టైపు చేసి ఉంటుంది. మనిషి తెలుగువాడు. గుమ్మ, సెరంగో వైపు నుంచైతే సవర మాట్లాడే అమ్మ వస్తుంది. చదివి వినిపించడం అంటే వేగంగా గొణగడం కాదు. ఒక్కో పేరా ఆపి, ఆయన భాషలో అర్థం చెప్పండి. ఆ తరవాత మీరు నోరు మూసుకుని, "ఇప్పుడు ఇందులో ఏం రాసుందో మీరు చెప్పండి" అనండి. నాకు తెలిసి ఇంతకు మించిన పరీక్ష లేదు. అప్పు తీసుకుంటున్నానని చెప్పాల్సిన మనిషి "రేషన్ కార్డు కోసం" అంటే, ఆ కాగితం అక్కడితో ఆగిపోవాలి. మీకు సవర రాకపోతే వచ్చినవాళ్లని కూర్చోబెట్టుకోండి, కానీ కాగితం వల్ల లాభపడేవాడి మనిషిని మాత్రం దుబాసీగా పెట్టకండి. చదివి వినిపించిన భాష, వినిపించిన మనిషి పేరు కాగితం కింద రాయండి. నిశానీ వేయించేటప్పుడు వేలు మీరే పట్టుకుని వేయించకండి, ఆమె వేలు ఆమెనే వేయనివ్వండి. పక్కన "ఫలానావారి ఎడమ బొటనవేలి ముద్ర" అని రాసి, సాక్షి సంతకం తీసుకోండి.

నోటరీకి అనువాదం చేసి ధ్రువీకరించే అధికారం చట్టం 8వ సెక్షన్‌లోనే ఉంది. ఒడియా పట్టాని తెలుగులోకి, తెలుగు పత్రాన్ని ఇంగ్లీషులోకి చేయమని అడుగుతారు. ఆ రెండు భాషలూ మీకు నిజంగా వస్తేనే చేయండి. "మాట్లాడటం వచ్చు" అనేది పనికి రాదు, ఒడియా రెవెన్యూ మాటలు బజారు ఒడియాలో ఉండవు.

ప్రమాణం సంగతి చాలామంది మర్చిపోతారు. అఫిడవిట్ అంటేనే ప్రమాణం చేసి చెప్పిన మాట. నోటితో చెప్పించండి. దేవుడి మీద చేస్తారో, ఆత్మసాక్షిగా చెప్తారో ఆయన ఇష్టం, 1969 ప్రమాణాల చట్టంలో రెండింటికీ చోటుంది. మన గజపతి జిల్లాలో చర్చికి వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు, దేవుడి పేరెత్తి ఒట్టు వేయకూడదని నమ్మేవాళ్లూ వాళ్లలో ఉంటారు. బలవంతపెట్టకండి. పది సెకన్ల పని అది. కానీ ఆ పది సెకన్లలో కొంతమంది మొహం మారిపోవడం, "ఒక్క నిమిషం బాబూ" అని కాగితం వెనక్కి తీసుకోవడం చూశాను.

ఇక వేయకూడని ముద్రలు. ఇక్కడే మన ప్రాంతంలో నోటరీల పేరు చెడుతోంది.

గిరిజనుల భూమితో మొదలుపెడతాను. 1956 నాటి ఒడిశా 2వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఇదివరకు అధికారి అనుమతితో సందు ఉండేది, 2002 సవరణతో ఆ సందూ మూసేశారు. 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం మళ్లీ సడలిద్దామని చూసి, వ్యతిరేకత రాగానే వెనక్కి తగ్గింది. రాయగడ, కొరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. గజపతిలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు. ఈ రాయగడ బ్లాకు వేరు, ఆ రాయగడ జిల్లా వేరు, కొత్తవాళ్లు దీన్ని కలగాపులగం చేస్తుంటారు.

సబ్ రిజిస్ట్రారు రిజిస్టర్ చేయడు కాబట్టి వాళ్లు మీ దగ్గరికి వస్తారు. "అమ్మకం కాదండీ, ఒప్పందమే" అంటారు. "తొంభై తొమ్మిదేళ్ల లీజు" అంటారు. "అప్పు ఇచ్చాను, తీర్చేదాకా భూమి నా దగ్గర ఉంటుంది" అంటారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున అన్నీ చేసే అధికారం ఇచ్చే కాగితం, అంటారు. ఆ రెగ్యులేషన్‌లో బదిలీ అన్న మాటకి అర్థం చాలా పెద్దది: తాకట్టు, కౌలు, అమ్మకం, దానం, మార్పిడి, చివరికి ఆ భూమి మీద ఒప్పందం కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి భూమి కాగితం ఏదొచ్చినా మొదట రికార్డులో భూమి యజమాని కులం గడి చూడండి. ఒడియాలో ఉంటుంది, చదవడం నేర్చుకోండి. యజమాని గిరిజనుడై, అవతలివాడు కాకపోతే కాగితం తిప్పి ఇచ్చేయండి. షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట కూడా, ఎస్సీల భూమికీ ఎస్టీల భూమికీ ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ఉంది, అధికారి అనుమతి లేని బదిలీ చెల్లదు. "చెల్లకపోతే చెల్లదు, మీకేం పోయింది, ముద్ర కొట్టండి" అనేవాళ్లుంటారు. పోయేది ఆ సవర రైతుకి. ఆ ఎర్ర ముద్ర చూపించే ఆయన్ని పొలంలోంచి పంపేస్తారు. కోర్టులో చెల్లని కాగితం ఊళ్లో చెల్లుతుంది, ముద్ర ఉంటే చాలు.

మామూలు భూమికి కూడా నోటరీ అమ్మకం అనేది లేదు. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. అటార్నీ, ఒప్పందం, వీలునామా కలిపి భూమి అమ్మేయడం కుదరదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ఇది వచ్చినవాళ్లకి నోటితో చెప్పండి, వినకపోతే చేయకండి.

పెళ్లి. పాతపట్నం నుంచో పలాస నుంచో ఇద్దరు పిల్లలు పారిపోయి వస్తారు, వెనకాల ఒక స్నేహితుడు దండలు పట్టుకుని ఉంటాడు. "నోటరీ మ్యారేజి చేయండి సార్." నోటరీ పెళ్లి చేయలేడు, విడాకులూ ఇవ్వలేడు. నోటరీ వివాహాధికారి కాదని ఒరిస్సా హైకోర్టు చెప్పింది, 2024 అక్టోబరులో కేంద్ర న్యాయశాఖ కూడా నోటరీలందరికీ రాసింది. ఇద్దరి వయసు కాగితాలు చూడండి, ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఉంటుందని చెప్పండి, ప్రాణభయం ఉందంటే పోలీసు రక్షణ ఎలా అడగాలో చెప్పండి. మంచినీళ్లివ్వండి. ముద్ర మాత్రం వద్దు. మనం రాసిచ్చిన కాగితం నమ్ముకుని ఆ అమ్మాయి ఐదేళ్ల తరవాత భరణానికో పింఛనుకో వెళ్తే, అది పెళ్లి రుజువు కాదని అప్పుడు తెలుస్తుంది.

ఖాళీ జాగాలున్న కాగితం, పాత తేదీ కావాలన్న కాగితం: ఇవి చెప్పక్కర్లేదు. స్టాంపు పేపరు గురించి ఒక్క మాట. పాతపట్నంలో కొన్న ఆంధ్రా స్టాంపు పేపరు మీద పర్లాకిమిడిలో పత్రం రాయించుకుని వస్తారు, అక్కడ వెండర్ దగ్గర రద్దీ తక్కువని. ఒడిశాలో రాసుకునే పత్రానికి ఒడిశా స్టాంపే కావాలి. తిప్పి పంపండి. నోటరీ స్టాంపు అంటించడం, దాని మీదుగా సంతకం వెళ్లేలా చూడటం మర్చిపోకండి.

నిజ ప్రతులు చేసేటప్పుడు అసలు కాగితం మీ చేతిలో ఉండాలి. ఈ రోజుల్లో కలర్ జిరాక్స్ అసలుదానికంటే అందంగా ఉంటుంది. వెలుతురుకి పెట్టి చూడండి, వెనక వైపు వేలితో తడమండి, సీలు అచ్చు తగలాలి. లామినేషన్ చేసి ఉంటే తడమడం కుదరదు, అనుమానం ఉంటే ఇచ్చిన ఆఫీసు నుంచే నకలు తెచ్చుకోమనండి.

రిజిస్టరు. నోటరీ నియమాల్లో దానికి ఫారం 15 అని ఉంది. వరుస నంబరు, తేదీ, ఏం చేశారు, ఎవరికి, చిరునామా, పత్రంలో ఏముంది, అంటించిన స్టాంపు, తీసుకున్న ఫీజు, ఆ మనిషి సంతకం, మీ సంతకం. ముద్ర కంటే ముందు రిజిస్టరు రాయండి. సాయంత్రం అన్నీ కలిపి రాద్దామనుకుంటే మనుషులు వెళ్లిపోతారు, సంతకం గడులు ఖాళీగా మిగులుతాయి. నంబర్ల మధ్య జాగా వదలకండి. "పత్రంలో ఏముంది" అన్న గడిలో "అఫిడవిట్" అని రాస్తే లాభం లేదు, "కాశీనగరం దగ్గర భూమి రికార్డులో పేరు సవరణ కోసం" అని రాయండి. ఆధార్ నంబరు మొత్తం రాయక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు. ఫీజుకి రసీదు ఇవ్వండి. ఏటా జనవరి మొదటి వారంలో కిందటేడు చేసిన పనుల లెక్క ప్రభుత్వానికి పంపాలి. రిజిస్టరు రోజూ రాసినవాడికి అది ఒక పూట పని.

కాదనడం ఎలా? ఇది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చుట్టం వస్తే "మావయ్యా, నీ సంతకమే కావాలి, అత్త సంతకానికి అత్తే రావాలి, మంచం మీద ఉంటే నేనే రిజిస్టరు పట్టుకుని ఇంటికొస్తాను" అనండి, ఇల్లు మీ హద్దులో ఉంటే నిజంగానే వెళ్లండి. రాజకీయ పార్టీ మనిషి వస్తే వాదన పెట్టుకోకండి, కాగితం మీద ఏది లోపమో రాసి ఇవ్వండి. రాసి ఇస్తానంటే సగం మంది ఆ కాగితం తీసుకోకుండానే పోతారు. మీరు వకీలుగా వాదిస్తున్న కేసులో మీ కక్షిదారు అఫిడవిట్‌కి మీరే నోటరీగా ముద్ర వేయకండి. పక్క బల్ల దగ్గరికి పంపండి. రాబడి కొంచెం పోతుంది, పోనివ్వండి.

తప్పు జరిగిందని తెలిస్తే రిజిస్టరు దిద్దకండి, కొత్తగా ఏమీ చేర్చకండి. ఏం జరిగిందో ఆ రోజు తేదీతో వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. నష్టపోయే మనిషికి మీరే చెప్పండి. కోర్టు పిలిస్తే రిజిస్టరు పట్టుకుని వెళ్లండి.

నాది ఇలా జరిగింది. నోటరీ అయిన రెండో ఏడు. తెలిసినాయన, తన తమ్ముడు సూరత్ మిల్లులో ఉన్నాడని, సంతకం పెట్టి పంపాడని ఇంటి పంపకం కాగితం తెచ్చాడు. రోజూ టీ దగ్గర కనపడే మనిషి. వేశాను. కొన్నేళ్ల తరవాత తమ్ముడు తిరిగొచ్చి కేసు వేశాడు. సాక్షిగా నన్ను పిలిచారు. అవతలి వకీలు రిజిస్టరు తెరవమన్నాడు. తేదీ ఉంది, పేరు ఉంది, స్టాంపు ఉంది, ఫీజు ఉంది, సంతకం గడి ఖాళీ. "ఈ మనిషిని ఆ రోజు చూశారా?" అనడిగాడు. లేదన్నాను. ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చాక ఆ తమ్ముడి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

పోయినేడు కూతురి స్కాలర్‌షిప్ అఫిడవిట్ కోసం ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను కార్డు చూస్తుండగానే రిజిస్టరు తన వైపు లాక్కుని, ఆ రోజు వరుసలో సంతకం గడి వెతుక్కున్నాడు. పెన్ను కోసం చేయి చాపాడు.